గారడీవాడు, మెజీషియన్: ఒకే విద్యకు రెండు చరిత్రలు

తెలుగులో ఈ విద్యకు చాలా పేర్లున్నాయి. ఇంద్రజాలం, గారడీ, కనికట్టు, మోడి, హస్తలాఘవం, మేజిక్. అన్నిటికీ దాదాపు ఒకటే అర్థం. కానీ వాడుకలో చూస్తే ఒక్కో మాటకు ఒక్కో చోటు, ఒక్కో అంతస్తు ఉన్నాయి. ఇంద్రజాలం రాజు కొలువులో జరుగుతుంది. మేజిక్ టికెట్టు పెట్టిన హాల్లో జరుగుతుంది. గారడీ మాత్రం నాలుగు బజార్లు కలిసే చోట, దుమ్ములో జరుగుతుంది. కొలువులో వాడు ఇంద్రజాలికుడు, హాల్లో ఆయన మెజీషియన్ గారు, బజార్లో వాడు ఉత్త గారడీవాడు. మోసానికి మనకు పర్యాయపదంగా దొరికింది కూడా గారడీయే. ఒకడు నమ్మించి ముంచితే మాటల గారడీ అంటాం, లెక్కలు తప్పు చూపిస్తే అంకెల గారడీ అంటాం.

కళల చరిత్ర రాసినవాళ్ళు సంగీతం, నాట్యం, నాటకం గురించి పేజీలకు పేజీలు రాశారు. గారడీ దగ్గరకు వచ్చేసరికి ఒకటి రెండు వాక్యాలతో సరిపెట్టారు. మేజిక్ చరిత్ర రాసినవాళ్ళు ఇంకో పని చేశారు. పేరున్న మెజీషియన్లతో చరిత్ర మొదలుపెట్టి, వాళ్ళకు ముందు వేల ఏళ్ళు ఈ విద్యను మోసినవాళ్ళను 'ప్రాచీన భారతదేశపు వింతలు' అనే ఒక్క మాటలో కలిపేశారు. ఈ వ్యాసంలో మేము అడుగుతున్నది ఒకటే. గిన్నె అదే, బంతి అదే, చేతి వేగం అదే అయినప్పుడు ఒకడు కళాకారుడు, ఇంకొకడు బిచ్చగాడు ఎట్లా అయ్యారు? ఆ తేడా విద్యలో లేదని, కులంలో, చట్టంలో, డబ్బు వసూలు చేసే పద్ధతిలో ఉందని మేము అనుకుంటున్నాం.

ఎవరి ముందు ఎవరు ఆడాలి?

తెలుగు నేలమీద గారడీ అందరి కోసం అందరూ చేసే వినోదం కాదు. ఎవరు ఎవరి ముందు ఆడాలో, ఎవరి దగ్గర చెయ్యి చాచాలో కులం నిర్ణయించింది. 1909లో వచ్చిన థర్‌స్టన్ సంపుటాల్లో విప్రవినోదుల ప్రస్తావన ఉన్నది. పేరే చెప్తున్నది, వీళ్ళు విప్రులను వినోదింపజేసేవాళ్ళు. తెలంగాణలో సాధనాశూరులు పద్మశాలీలకు ఆశ్రితులు. వాళ్ళు చేసే గారడీ, సాహస విద్యలు పద్మశాలి వాడల్లోనే జరగాలి, ప్రతిఫలం కూడా అక్కడే పుచ్చుకోవాలి. మాల మాస్తీలు మాలవాడలో, మాదిగ మాస్తీలు మాదిగవాడలో విన్యాసాలు చేస్తారు. మాదిగలకు చిందు, డక్కలి లాంటి కులాలు ఎట్లానో, ఇవీ అట్లానే.

ఈ ఆశ్రిత వ్యవస్థను కొంతమంది జానపద పరిశోధకులు కళాపోషణ అని పిలిచారు. మేము ఆ మాటను పూర్తిగా కాదనలేం. ఊరూరా హక్కు ఉండేది, ఏటా రావలసింది వచ్చేది, ఇచ్చేవాడు ఎగ్గొడితే అడిగే అధికారం కూడా ఉండేది. కానీ పోషణ అన్న మాట ఒక నిజాన్ని కప్పేస్తుంది. ఈ ఏర్పాటులో కళాకారుడు తన ప్రేక్షకుడిని తాను ఎంచుకోలేడు. ఎంత గొప్పగా ఆడినా తన దాత కులం గడప దాటి పోలేడు. దాత కులమే పేదదైతే ఆశ్రిత కులం ఇంకా పేదది. అంటరానివాళ్ళుగా ముద్రపడ్డవాళ్ళ దగ్గర అడుక్కోవాల్సిన వాళ్ళ స్థితి ఎట్లా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. అంబేడ్కర్ చెప్పిన అంతస్తుల అసమానత గారడీ బరిలో కూడా మెట్లు మెట్లుగా కనపడుతుంది.

అర్థశాస్త్రం కారు, కుశీలవ కర్మలను, అంటే చేతిపనులను, ఆటపాటలను శూద్రుడి విధుల్లో చేర్చింది. బయటి నుంచి వచ్చిన ఆటగాళ్ళు ప్రదర్శనకు 5 పణాలు రాజ్యానికి చెల్లించాలని కూడా అదే గ్రంథం చెప్పింది. అంటే ఆడినవాడికి గౌరవం లేదు గానీ అతని ఆటమీద పన్ను మాత్రం ఉన్నది.

వేదాంతానికి ఉపమానం, వీధిలో అనుమానం

మన శాస్త్రాలు, కావ్యాలు గారడీవాడిని వాడుకున్న తీరు చూడండి. హర్షుడి రత్నావళి నాటకంలో ఐంద్రజాలికుడు రాజుకు ఆకాశంలో దేవతలను చూపిస్తాడు, అంతఃపురం తగలబడుతున్నట్టు భ్రమ కల్పిస్తాడు. మాండూక్య కారికల భాష్యంలో శంకరుడు మాయను వివరించడానికి ఒక మాయావిని తెచ్చుకున్నాడు. వాడు దారాన్ని ఆకాశంలోకి విసురుతాడు, ఆయుధంతో ఎక్కి కనుమరుగవుతాడు, యుద్ధంలో ముక్కలై కింద పడతాడు, మళ్ళీ లేస్తాడు. అసలు మాయావి మాత్రం ఎవరికీ కనపడకుండా నేలమీదే నిలబడి ఉంటాడు. మన కొరవి గోపరాజు సింహాసన ద్వాత్రింశికలో కూడా ఇట్లాంటి కథే ఉంది. వీరుడొకడు దేవతల తరఫున యుద్ధానికి పైకి పోతాడు, అతని అవయవాలు తెగి పడతాయి, భార్య అగ్నిలో దూకుతుంది, తర్వాత ఇద్దరూ బతికే ఉన్నారని తేలుతుంది. అంతా ఇంద్రజాలమే.

అద్వైతానికి ఉపమానం కావాల్సి వస్తే గారడీవాడు పనికొచ్చాడు. రాజు ఔదార్యాన్ని పొగడాలంటే పనికొచ్చాడు. కానీ ఊళ్ళోకి వస్తే మాత్రం అతను పిల్లల్ని ఎత్తుకుపోయేవాడు, చేతబడి తెలిసినవాడు, రాత్రికి ఊళ్ళో ఉండనివ్వకూడనివాడు. గారడీ అనే మాట గారుడం నుంచి వచ్చింది. అది పాము విషాన్ని దించే విద్య. మాంగ్ గరోడి అనే కులం పేరులో ఉన్నదీ అదే మాట. ప్రాణం నిలబెట్టే విద్య పేరు మోసానికి పేరుగా మారింది. పదాలు వాటంతట అవి దిగజారవు. వాటిని మోసే మనుషుల్ని కిందికి తొక్కినప్పుడే పదాలూ కిందికి పోతాయి.

సముద్రం దాటిన మద్రాసు గారడీ

ఇంగ్లండు ప్రజలకు 'ఇండియన్ జగ్లర్' అనే బొమ్మను ఇచ్చినవాళ్ళలో ముఖ్యుడు రామో సామీ. మన నోటికి అది రామస్వామి. మద్రాసు ప్రాంతం నుంచి పోయి 1810ల చివర నుంచి లండన్‌లో పేరు తెచ్చుకున్నాడు, అమెరికాలో కూడా ఆడాడు. కత్తి మింగడం, బంతులు ఎగరేయడం, గిన్నెలు బంతుల ఆట అతని విద్యలు. ఆ కాలపు వ్యాసకర్త హాజ్‌లిట్ ఇండియన్ జగ్లర్ల మీద వ్యాసం రాసి, అంత కచ్చితంగా తాను ఏ పనీ చేయలేనని సిగ్గుపడ్డాడు. 1849లో చార్లెస్ డికెన్స్ ముఖానికి నల్లరంగు పూసుకుని, భారతీయుడి పేరులాగా వినిపించే ఒక వింత పేరు పెట్టుకుని మిత్రుల ముందు మేజిక్ చేశాడు. ఆ తర్వాతి ఏడాది, 1850లో, రామో సామీ లండన్‌లో పేదరికంలో చనిపోయాడు. పూడ్చడానికి డబ్బుల్లేక అతని భార్య జనం సాయం కోరాల్సి వచ్చింది. రంగు పూసుకున్నవాడికి చప్పట్లు, ఆ రంగుతో పుట్టినవాడికి చందా.

1830ల ప్రాంతంలో మద్రాసులోనే శేషాల్ అనే ఆయన గాలిలో కూర్చునే ఆట చూపించేవాడు. చెయ్యి ఒక కర్రకు చుట్టిన చర్మం మీద ఆనించి, నేలకు తగలకుండా పద్మాసనం వేసేవాడు. కిటుకంతా బట్టల్లో దాచిన ఇనుప ఆధారంలో ఉంది. ఇంగ్లీషు పత్రికలు ఆయన్ని 'గాలిలో బ్రాహ్మణుడు' అని రాశాయి. ఇనుప చట్రాన్ని కమ్మరి కొలిమిలో చేస్తారు, చర్మాన్ని తోలు పనివాడు ఊనుతాడు. కానీ అచ్చులో మిగిలింది గాలిలో తేలే బ్రాహ్మణుడు. మాయ వెనక శ్రమ కనపడకుండా చేయడం మెజీషియన్ వృత్తి ధర్మం. శ్రమ చేసిన కులాలు కనపడకుండా చేయడం మాత్రం చరిత్రకారులు చేసిన పని.

19వ శతాబ్దం చివరికి ఐరోపా, అమెరికా మెజీషియన్లు ఫకీర్ల వేషాలు వేయడం మామూలైపోయింది. హౌడినీ తన సూదులు మింగే ఆటను 'ఈస్ట్ ఇండియన్' సూదుల ఆట అనే పిలిచాడు. 1890లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక ఇండియాలో తాడెక్కి మాయమయ్యే గారడీ చూశామని ఒక కట్టుకథ వేసి, నాలుగు నెలల తర్వాత అది కల్పితమని ఒప్పుకుంది. సవరణను ఎవరూ పట్టించుకోలేదు, కథ మాత్రం ప్రపంచమంతా తిరిగింది. 1934లో లండన్ మేజిక్ సర్కిల్ వాళ్ళు ఆ ఆట నిజంగా చేసి చూపిస్తే 500 గినీలు ఇస్తామన్నారు. ఎవరికీ ఆ సొమ్ము దక్కలేదు. దీని ఫలితం మన వీధి గారడీవాళ్ళ మీద పడింది. చేయగలిగిన పది విద్యలకు గుర్తింపు రాలేదు, ఎవరూ చేయలేని ఒక్క విద్య చూపించలేదని మోసగాళ్ళయ్యారు.

తిరగడమే నేరమైన కాలం

అక్కడ ఫకీరు వేషానికి గిరాకీ పెరుగుతున్న రోజుల్లోనే ఇక్కడ 1871లో నేరస్త జాతుల చట్టం వచ్చింది. 1911 చట్టంతో అది మద్రాసు రాష్ట్రానికీ విస్తరించింది. తిరిగి బతికే జాతులు పుట్టుకతో దొంగలని ప్రభుత్వం తేల్చేసింది. నమోదైన మనిషి వేలిముద్ర ఇవ్వాలి, పోలీసుల దగ్గర హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే పాసు తీసుకోవాలి. అప్పటి గుంటూరు జిల్లాలో సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువార్టుపురం లాంటి సెటిల్‌మెంట్లు ఈ చట్టం నీడలోనే పుట్టాయి. విముక్త జాతుల జాబితాల్లో దొమ్మరుల పేరు ఉండటం చూస్తే, తాడుమీద నడిచే మనిషిని కూడా రాజ్యం ఏ కంటితో చూసిందో అర్థమవుతుంది.

గారడీవాడికి తిరగడం అలవాటు కాదు, వృత్తి అవసరం. ఒక ఊళ్ళో రెండోసారి అదే ఆట చూపిస్తే కిటుకు పట్టేస్తారు. కొత్త ఊరు, కొత్త కళ్ళు ఉంటేనే ఆ విద్య నిలబడుతుంది. తిరుగుడును నేరం చేయడమంటే ఆ విద్య వేరు నరకడమే. 1952లో చట్టం రద్దయింది. అనుమానం రద్దు కాలేదు. అలవాటు నేరస్తుల చట్టాల పేరుతో పాత చూపే కొనసాగింది.

కోటు, తలపాగా, టికెట్టు

ఇదే కాలంలో బెంగాల్లో చదువుకున్నవాళ్ళు ఈ విద్యను వేదిక ఎక్కించడం మొదలుపెట్టారు. గణపతి చక్రవర్తి (1858-1939) సర్కస్ కంపెనీతో తిరిగి పేరు తెచ్చుకున్నాడు. అతని శిష్యుడు పి.సి. సర్కార్ (1913-1971) దాన్ని ప్రపంచ వృత్తిగా మార్చాడు. మహారాజు తలపాగా, జరీ దుస్తులు, ఇంద్రజాల్ అనే పేరుతో పెద్ద బృందం. 1956 ఏప్రిల్ 9న బీబీసీ పనోరమా కార్యక్రమంలో ఒక అమ్మాయిని రంపంతో రెండుగా కోసినట్టు చూపించి, ఆమె లేవకముందే కార్యక్రమం అయిపోయేసరికి నిజంగా చనిపోయిందేమోనని జనం ఫోన్ల మీద ఫోన్లు చేశారు. ఆ కోత ఆట 1921లో లండన్‌లో సెల్బిట్ మొదలుపెట్టింది. పాశ్చాత్యులు మన వేషం వేసుకుని మన విద్య అమ్మారు. సర్కార్ మహారాజు వేషంలో పోయి వాళ్ళ విద్యను వాళ్ళకే అమ్మాడు. 1964లో పద్మశ్రీ వచ్చింది. 1971 జనవరిలో జపాన్ పర్యటనలో ఉండగానే కన్నుమూశాడు. 2010లో ఆయన పేర తపాలా బిళ్ళ వచ్చింది.

సర్కార్ శ్రమను, ధైర్యాన్ని తక్కువ చేయడం మా ఉద్దేశం కాదు. వలస పాలన కింద పుట్టిన మనిషి లండన్ వాళ్ళను వాళ్ళ గడ్డమీదే నిలబెట్టి భయపెట్టడం చిన్న విషయం కాదు. కానీ ఆయన ఎంచుకున్న వేషం గమనించాలి. మహారాజు వేషం. భారతీయ మేజిక్‌ను తరతరాలు బతికించిన వాళ్ళెవరూ మహారాజులు కారు. గౌరవం కావాలంటే గారడీవాడి గోచీ విప్పి రాజు అంగీ తొడగక తప్పలేదు.

కేరళలో కూడా ఇట్లాంటిదే జరిగింది. వాళక్కున్నం నంబూద్రి (1903-1983) గిన్నెలు బంతుల ఆటలో ఆరితేరి, కేరళ మేజిక్‌కు పితామహుడు అనిపించుకున్నారు. ఆయన నైపుణ్యం నిజం. అయితే ఆ ఆటను అంతకు ముందు శతాబ్దాలుగా వీధుల్లో ఆడినవాళ్ళలో ఒక్కరి పేరూ చరిత్రలో లేదు. మన దగ్గర 2025లో మరణించిన బి.వి. పట్టాభిరాం మేజిక్‌తో మొదలై హిప్నాటిజం, మనస్తత్వశాస్త్రం, వ్యక్తిత్వ వికాస రచనల దాకా వెళ్ళారు. చదువు ఉన్నవాడికి మేజిక్ మొదటి మెట్టు అయింది. గారడీ కులంలో పుట్టినవాడికి అదే మొదటి మెట్టు, అదే చివరి మెట్టు.

ముందు తీసుకుంటే టికెట్టు, తర్వాత తీసుకుంటే బిచ్చం

విద్యగా చూస్తే ఏది కష్టం? వేదిక మీద తెర ఉంటుంది, దీపాలు కావల్సినట్టు పెట్టుకోవచ్చు, ప్రేక్షకులు ఒకే వైపు కూర్చుంటారు, కిటుకంతా పెట్టెల్లో ఉంటుంది. బజార్లో పట్టపగలు ఎండ, చుట్టూ జనం, వెనక కూడా కళ్ళే. మామిడి టెంకను మట్టిలో పాతి, గుడ్డ కప్పి, మొలకగా, మొక్కగా చూపించాలి. బుట్టలో పిల్లవాణ్ణి పెట్టి కత్తి గుచ్చాలి. ఇదంతా నాలుగు దిక్కులా చూస్తున్న జనం మధ్య. మేజిక్ తెలిసినవాళ్ళెవరైనా రెండోదే కష్టమని ఒప్పుకుంటారు.

అసలు తేడా డబ్బు దగ్గర ఉంది. హాల్లో చూడకముందే డబ్బిస్తారు, నచ్చకపోయినా వెనక్కి రాదు. వీధిలో చూశాక ఇస్తారు, ఇవ్వకుండా పోవచ్చు కూడా. అందుకే గారడీవాడు అసలు ఆటను చివరిదాకా దాచి, ఉత్కంఠ పెరిగిన చోట ఆపి పళ్ళెం తిప్పుతాడు. కదిలితే రక్తం కక్కుకుంటారు, చేతులు కట్టుకోవద్దు అని బెదిరించేది అందుకే. చిన్నప్పుడు మనమంతా ఆ మాటలకు వణికినవాళ్ళమే. అది క్షుద్రం కాదు, గోడలు లేని హాలుకు అతను మాటలతో కట్టుకున్న గోడ. తలుపు, టికెట్టు కిటికీ, గేటుమన్ చేసే పని అతను ఒక్క నోటితో చేస్తున్నాడు.

1959 బొంబాయి యాచక నిరోధక చట్టం ఈ తేడానే నేరంగా మార్చింది. బహిరంగ స్థలంలో పాట, నృత్యం, జాతకం, ప్రదర్శన పేరుతో డబ్బు తీసుకోవడం కూడా యాచనే అని నిర్వచించింది. 1960లో ఢిల్లీకి విస్తరించిన ఆ చట్టంలోని ముఖ్యమైన నిబంధనలను ఢిల్లీ హైకోర్టు 2018 ఆగస్టులో కొట్టేసింది. అంతకు ముందే, 2017 అక్టోబర్ చివర్లో, గారడీవాళ్ళు, తోలుబొమ్మల, కీలుబొమ్మల ఆటగాళ్ళు, విన్యాసాలవాళ్ళు దశాబ్దాలుగా బతికిన ఢిల్లీ కఠ్‌పుత్లీ కాలనీని బుల్డోజర్లతో కూల్చేశారు. ఆ కాలనీ కళాకారులను ప్రభుత్వం విదేశీ ఉత్సవాలకు దేశ ప్రతినిధులుగా పంపింది. పరాయి దేశంలో వాళ్ళు భారత సంస్కృతి, సొంత నగరంలో ఆక్రమణదారులు.

మన ఉద్యమాలకున్న బాకీ

ఈ విషయంలో హేతువాద, ప్రజాసైన్స్ ఉద్యమాలు కూడా ఒక మాట ఆలోచించాలి. బాబాల గుట్టు రట్టు చేయడానికి మన కార్యకర్తలు ఊరూరా చూపించే ప్రదర్శనలు ఎక్కడివి? ఖాళీ చేతిలో విభూతి పుట్టించడం, నాలుక మీద కర్పూరం వెలిగించడం, నిమ్మకాయ కోస్తే నెత్తురు కారడం. ఇవన్నీ వీధి గారడీవాడి సంచిలోవే. బి. ప్రేమానంద్ (1930-2009) దేశమంతా తిరిగి ఇట్లాంటి రహస్యాలు విప్పి చూపించారు. ఆ పని గొప్పది. అయితే బాబాకూ గారడీవాడికీ ఉన్న తేడాను కూడా మనం జనానికి చెప్పాలి. బాబా అదే కిటుకు చేసి దేవుణ్ణంటాడు. గారడీవాడు ఇది పొట్టకూటి కోసం చేసే విద్య, జానెడు పొట్ట బాబూ అని తానే చెప్పుకుంటాడు. నిజం చెప్పినవాడికి చిల్లర, అబద్ధం చెప్పినవాడికి ఆశ్రమం దక్కాయి. చేతబడి అనుమానంతో కొట్టి చంపేది కూడా ఆశ్రమాల్లో ఉన్నవాళ్ళను కాదు, ఊరి చివర పేదవాళ్ళనే.

మాల మాస్తి, మాష్టి, మాంగ్ గరోడి పేర్లు షెడ్యూల్డ్ కులాల జాబితాలో ఉన్నాయి. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణను సమర్థించిన తర్వాత, 2025లో తెలంగాణ చేసిన చట్టం మాష్టి, మాంగ్ గరోడి లాంటి 15 కులాలను మొదటి గ్రూపులో పెట్టి 1 శాతం రిజర్వేషన్ ఇచ్చింది. దండోరా మొదలైన నాటి నుంచి లేవనెత్తిన ప్రశ్న చిట్టచివరి మనిషి దాకా పోవడానికి ఇది ఒక దారి. కానీ తిరిగే మనిషికి కులం సర్టిఫికెట్టు ఏ తహసీల్దారు ఇస్తాడు? ఏ ఊరి ఇంటి నంబరు చూపిస్తాడు? బడిలో పేరు లేనివాడికి ఉద్యోగంలో వాటా కాగితం మీదే మిగులుతుంది.

అందుకే మేము కొన్ని పనులు ప్రతిపాదిస్తున్నాం. ఉపాధ్యాయులు తమ బడికి గారడీ చేసేవాళ్ళు వస్తే, పిల్లల దగ్గర చిల్లర వసూలు చేయించి పంపేయకుండా, వాళ్ళ కులం, ఊరు, గురువు, నేర్చుకున్న విధం అడిగి రాసిపెట్టాలి. అట్లాగే వాళ్ళ పిల్లల పేర్లు హాజరు పట్టీలో ఎక్కించాలి. విద్యార్థులు తమ జిల్లాలోని సాధనాశూరుల, మాస్తీల ఇళ్ళకు పోయి పెద్దవాళ్ళ మాటలు వాళ్ళ నోటితోనే రికార్డు చేయాలి. కిటుకులు మాత్రం అడగొద్దు, అది వాళ్ళ ఆస్తి. కార్యకర్తలు వృద్ధ కళాకారుల పింఛన్ల కోసం, కులం సర్టిఫికెట్ల కోసం ఆఫీసుల చుట్టూ వాళ్ళతో కలిసి తిరగాలి. సైన్స్ ప్రదర్శన ఇచ్చే మిత్రులు ఆట మొదలుపెట్టే ముందు ఈ విద్య ఎవరిదో ఒక్క వాక్యంలో చెప్పాలి, వీలైతే వాళ్ళనే వేదిక మీదికి పిలవాలి, పిలిచినప్పుడు ఒప్పుకున్న సొమ్ము ఆటకు ముందే చేతిలో పెట్టాలి.